ఇద్దరినే ఉంచుకోవాలన్న రూలు

మేం అయిదుగురం చిన్నప్పుడు ఒకే టీమ్‌లో హాకీ ఆడాం. ఇప్పటికీ ఒకరినొకరు పేర్లతో కాదు, అప్పుడు ఆడిన పొజిషన్లతోనే పిలుచుకుంటాం. గోలీ, బ్యాక్, రైట్ అవుట్, లెఫ్ట్ ఇన్. నేను సెంటర్ హాఫ్‌ని. మోకాళ్లు మొరాయించాక ఫోన్‌లో ఫాంటసీ లీగ్ మొదలుపెట్టాం. టీవీలో ఆడే అమ్మాయిలను వేలంపాటలో తీసుకుని టీమ్ కట్టుకోవాలి. వాళ్లు నిజం మ్యాచ్‌లో గోల్ కొడితే మనకు పాయింట్లు. ప్రతి ప్లేయర్‌కీ ఒక ఉత్తుత్తి జీతం ఉంటుంది, టీమ్ జీతమంతా కలిపి వంద దాటకూడదు. రూల్స్ పెట్టేది నేను. నోరు పెద్దదని ఆ పని నాకు అంటగట్టారు.

చిక్కంతా గోలీతో వచ్చింది. ఎవరూ పట్టించుకోని పిల్లలను తక్కువ జీతానికి తీసుకుని, వాళ్లు పెద్ద ప్లేయర్లయ్యాక కూడా అదే జీతానికి ఏళ్ల తరబడి ఉంచుకుంది. వంద లోపలే ఉంటూ మాకు అందనంత దూరం పోయింది. ప్రతిసారీ ఆమే గెలుస్తుంటే బ్యాక్ టీమ్ పెట్టడమే మానేసింది. రైట్ అవుట్ ఒకరోజు తెగేసి చెప్పింది. "గిట్లయితే నేనుండనే. అది గెల్సుడు, మనం సప్పట్లు కొట్టుడు!"

లీగ్ పోతే మేం కలుసుకోవడం కూడా పోతుందని నా భయం. ఈ వయసులో ఊరికే రమ్మంటే ఎవరొస్తారు?

అందుకని కొత్త రూలు పెట్టాను. ఇకమీద పాత ప్లేయర్లలో ఇద్దరినే ఉంచుకోవాలి, మిగతావాళ్లను మళ్లీ వేలానికి వదిలెయ్యాలి. ఉంచుకున్నవాళ్ల జీతం కూడా ఏటా పెరుగుతుంది. గోలీ కయ్యానికి కాలు దువ్వుతుందనుకుని, నేనూ కొంగు బిగించి ఫోన్ చేశాను.

"సరే తియ్యే. నువ్వు చెప్పినట్లే," అంది.

పెనాల్టీ కార్నర్ ఇచ్చిన ప్రతి అంపైర్‌తోనూ కొట్లాడిన మనిషి. ఆ "సరే" నాకు నచ్చలేదు.

వేలం మారేడ్‌పల్లిలో మా ఇంట్లోనే. ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ వచ్చేశారు, గోలీ రాలేదు. ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"పరేడ్ గ్రౌండ్ కాడున్న," అంది. "గేటుకు తాళమేసిన్రే. ఇయ్యాల ప్రాక్టీస్ లేదా?"

చిన్నప్పుడు మేం ప్రాక్టీస్ చేసిన గ్రౌండ్ అది. అందరూ పకపకా నవ్వారు. గోల్ ముందు కావాలనే తప్పు వైపు అడుగేసి, అవతలివాళ్లను నమ్మించి బాల్ ఆపడం ఆమెకు మొదటి నుంచీ అలవాటు. "షురూ చేసింది డ్రామా! వేలానికి ముందే మనల్ని పరేషాన్ చేస్తుంది," అంది రైట్ అవుట్. నేనూ నవ్వాను గానీ, వెంటనే చెప్పులేసుకుని ఆటో ఎక్కాను.

గేటు పక్కన పాత కాన్వాస్ బూట్లు వేసుకుని నిలబడి ఉంది. తిరిగి వస్తుంటే దారంతా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. ఏమైందే అంటే, "ఎండకు జెర పరేషానైన," అంది. ఆకాశం నిండా మబ్బు కమ్ముకుని ఉంది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. నాకు మాత్రం ఆ ఆటోలో ఏదో ముంచుకొస్తోందని తెలుస్తూనే ఉంది, భయం వేసింది.

ఇంటికొచ్చాక బజ్జీల పళ్లెం మధ్యలో పెట్టి వేలం మొదలుపెట్టాం. ముందు ఒక్కొక్కరూ ఉంచుకునే ఇద్దరి పేర్లు చెప్పాలి. నలుగురం చెప్పేశాం. గోలీ వంతు వచ్చింది.

"రూలేందో మళ్ల చెప్పవే," అంది.

"ఇద్దర్నే ఉంచుకోవాలె. మిగిలినోళ్లను ఇడ్సిపెట్టాలె," అన్నాను.

"ఇద్దర్నేనా?"

ఇదీ డ్రామానే అనుకుని లెఫ్ట్ ఇన్ కిసుక్కున నవ్వింది. గోలీ నవ్వలేదు. బ్యాక్‌ని చూసింది. లెఫ్ట్ ఇన్‌ని చూసింది. రైట్ అవుట్‌ని చాలాసేపు చూసింది. కళ్ల నిండా నీళ్లు తిరిగాయి.

"నాకున్నదే మీరు నల్గురు కదనే," అంది. "మీలో ఎవర్ని ఇడ్సిపెట్టాలె?"

రైట్ అవుట్ చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. గోలీ నావైపు తిరిగింది.

"నువ్వే చెప్పు. రూలు నీదే కద."