కారుకు పసుపు

కొత్తగా బాగుచేయించిన 1930ల నాటి అమెరికన్ కారులో మిత్రుడి పెళ్లికి బోధన్ వెళ్తున్నాను. సాయంత్రం వాడి ఊరేగింపు ఇందులోనే. నిజామాబాద్ దాటాక రేడియేటర్ కారడం మొదలైంది.

రోడ్డు పక్క ఇంటి ముందు పసుపు కొమ్ములు ఆరబోస్తున్న అవ్వను నీళ్లడిగాను. బిందెడు నీళ్లతో పాటు గిన్నెలో పసుప్పొడి కూడా తెచ్చింది. పూజ మొదలుపెడుతుందేమోనని నాకు విసుగొచ్చింది.

"బొట్టు తర్వాత పెడుదువుగానీ అవ్వా, ముందు నీళ్లు పోయనీ."

"బొట్టుకు గింత పసుపెందుకు బిడ్డా? గిది దాని కడుపులకు. మా ట్రాక్టర్‌కు గిట్లనే పోస్తం."

ఇంజన్ చల్లారాక రేడియేటర్ మూత తీశాను. పసుపు కలిపిన నీళ్లు పోసి, కాసేపు ఇంజన్ నడిపితే పసుపు చిల్లులో పేరుకుని కారడం ఆగిపోయింది. ప్రాణం కుదుటపడింది.

బయల్దేరబోతుంటే అవ్వ ఆపి, గిన్నెలో మిగిలిన పసుపును కారు ముందుభాగాన వేలితో అద్దింది.

"ఇగ గిది బొట్టు" అంది.