ఖదీర్ మెడలో నా దండ

సోలార్ ప్లాంటులో ఒంటరిగా పనిచేసేవాడికి ఏయే ప్రమాదాలు రావచ్చో మా కంపెనీ వాళ్లు శిక్షణలో విడమర్చి చెప్పారు. కరెంటు షాకు, పాము, ఎండదెబ్బ. కడుపుమంట సంగతి మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నన్ను నిలువునా ముంచింది అదే. ఎలా ముంచిందో చెబుతాను, మీరు నవ్వుకోండి. కాకపోతే మా శాలిబండ గల్లీలో ఎవరికీ చెప్పకండి.

నేనూ, మా గల్లీ ఖదీరూ ఒకే కంపెనీలో టెక్నీషియన్లం. పొద్దున్నే కంపెనీ జీపు ఇద్దరినీ ఎక్కించుకుని, ఊళ్లన్నీ దాటి, గుట్టల మధ్య నన్నొక ప్లాంటులో, వాణ్ని ఆ పక్క ప్లాంటులో దింపేసి పోతుంది. సాయంత్రం దాకా నాకు తోడు తొండలే. అందుకని నడుముకు ఒక డబ్బా కట్టారు. మనిషి కాసేపు కదలకపోతే అది కీచుమంటుంది. బాగానే ఉన్నామని బటన్ నొక్కాలి. నొక్కకపోతే ఆఫీసుకు కబురు వెళ్తుంది. వాళ్ల ఫోను కూడా ఎత్తకపోతే అంబులెన్సుకూ, దగ్గర్లో ఉన్న మన మనిషికీ చెబుతారు. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి. ఆ రోజు నాకు గుర్తుకు రానిది అదొక్కటే.

ఒకరోజు ఖదీర్ కాలు కేబుల్ గుంతలో పడింది. మడమ బెణికి, తల రాయికి తగిలి స్పృహ తప్పాడు. డబ్బా మోగింది, అంబులెన్సు వెళ్లింది, మనిషి దక్కాడు. నాకు సంతోషమే. అబద్ధం ఎందుకు, వాడు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేదాకా సంతోషమే. రాగానే చాయ్ హోటలాయన వాడి మెడలో గులాబీల దండ వేశాడు. గల్లీ ఆడవాళ్లు దిష్టి తీశారు. చూడండి మరి, గుంతలో పడ్డవాడికి దండా? ఇన్నేళ్లుగా అవే గుంతల పక్కన పడకుండా నడుస్తున్నవాడికి కనీసం ఒక బంతిపువ్వు ఇవ్వాలని ఎవరికీ తోచలేదు.

మండుతూ ఇంటికి వస్తే మా ఆవిడ సరళ నెయ్యిలో బ్రెడ్డు ముక్కలు వేయిస్తోంది. డబుల్ కా మీఠా! పోయిన రంజాన్ నుంచి నేను అడుగుతున్న మిఠాయి.

"ఎవరికే?" అన్నాను, నాకేనేమోనని.

"ఖదీర్ భాయ్‌కి. పాపం, ఎండల ఒక్కడే పడున్నడంట."

"నేను గూడ రోజూ ఒక్కన్నే ఉంట గద!"

"నీకేమైంది? మంచిగనే ఉన్నవ్ గద. పో, వేడి మీద ఇచ్చి రా."

ఆ టిఫిన్ డబ్బా నేనే మోశాను. దారి పొడవునా ఆ వాసన పీలుస్తూ, మంచిగా ఉన్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

కొన్నాళ్లకు ఖదీర్ కాలికి కట్టుతో, చేతికర్రతో, కూర్చుని చేసే పనికి తిరిగి వచ్చాడు. జీపులో ముందు సీటు వాడికిచ్చారు. అది నా సీటు. ఇక ఆగడం నా వల్ల కాలేదు. నేనూ పడిపోవాలనుకున్నాను.

మధ్యాహ్నం అన్నం తిన్నాక ముహూర్తం కుదిరింది. నేల పెనంలా కాలుతోంది కాబట్టి, సోలార్ పలకల కింద నీడ వెతికి, తువ్వాల పరిచి, బూట్లు విప్పి పక్కన జతగా పెట్టి, హెల్మెట్ తలకిందికి సర్దుకుని, అప్పుడు స్పృహ తప్పాను.

కదలకుండా ఉండటం ఎంత కష్టమో ఎప్పుడైనా ప్రయత్నించారా? ఒక చీమ మెడ దగ్గర బయలుదేరి నిదానంగా చెవిలోకి దిగింది. పళ్లు బిగబట్టాను. డబ్బా కీచుమంది. నొక్కలేదు. ఆఫీసు ఫోను మోగింది. ఎత్తలేదు. కళ్లు మూసుకుని, నా దండ గులాబీలదా, మల్లెలదా అని ఆలోచిస్తూ పడుకున్నాను.

అంబులెన్సు కూత కోసం చెవి రిక్కిస్తే (చీమ లేని చెవి) మోటారు సైకిల్ చప్పుడు వినిపించింది. వెంటనే ఒక అరుపు.

"గోపాలన్నా! ఓ గోపాలన్నా!"

ఒక కన్ను సన్నగా తెరిచాను. ఆ దారిన పోయే పాలాయన బండి వెనక నుంచి దిగుతున్నది ఎవరనుకున్నారు? ఖదీర్! గేటుకు లోపల నుంచి తాళం వేసింది నేనే. వాడు చేతికర్ర అవతలే పారేసి, కట్టు కట్టిన కాలితోనే గేటెక్కి ఇటు దూకాడు. దభీమని పడ్డాడు. లేచి ఉరికాడు. నా తల ఒళ్లో పెట్టుకుని ముఖం మీద నీళ్లు గుమ్మరించాడు.

"అన్నా, కండ్లు తెరువన్నా! వదినకు నేనేం చెప్పాలె?"

"ఏ... ఏమైంది?" అన్నాను, నీరసం తెచ్చుకుని.

"ఏం గాలే. బతికినవ్, చాలు," అని వాడు బోరుమన్నాడు. అప్పుడు నాకు నిజంగానే కళ్లు తిరిగాయి, సిగ్గుతో.

అంబులెన్సు వచ్చేసరికి వాడి మడమ గుమ్మడికాయంత అయింది. స్ట్రెచర్ వాడికి పోయింది. నేను వాడి చేతికర్ర పట్టుకుని వెనకాల నడిచాను. ఆసుపత్రిలో డాక్టరు నన్ను మంచం మీద పడుకోబెట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఈయనకేం లేదు, లేచి ఆ మంచం ఖదీర్‌కి ఇవ్వమనండి" అన్నాడు.

ఇక గల్లీ సంగతి చెప్పాలా? బెణికిన కాలితో ఉరికి దోస్తు ప్రాణం కాపాడిన మొనగాడు! ఈసారి దండ ముందటిదానికి రెండింతలు. దాన్ని వేసే గౌరవం, కాపాడబడ్డవాణ్ని కాబట్టి, నాకే ఇచ్చారు. సరళ ఏకంగా గిన్నెడు డబుల్ కా మీఠా చేసింది.

"మరి నాకు?" అన్నాను.

"డాక్టర్ సాబ్ ఏమన్నడు? మంచిగనే ఉన్నవ్ గద."

ఆ గిన్నె ఖదీర్ మంచం దగ్గరికి నేనే మోశాను. ఇంట్లో వాళ్లు అటు వెళ్లగానే వాడు ఒక చెంచా నా నోట్లో పెట్టి, గొంతు తగ్గించాడు.

"అన్నా, స్పృహ తప్పేటోడు తువ్వాల పరుసుకుంటడా? బూట్లు జతగ పెడ్తడా?"

నేను తల వంచుకుని గిన్నె మూత వెతికాను.

"ఎవ్వరికి చెప్ప తియ్. గని ఒక్క మాట. నీ డబ్బ మల్ల మోగితే నేను మల్ల ఉరుకుత. ఉత్తగనే మోగిందేమో అని ఆగ. గందుకే, ఊకె మోగియ్యకు."

దండకన్నా వెయ్యి రెట్లు బరువైనది ఆ మాట. అందుకే సకల తొండల సాక్షిగా ప్రమాణం చేశాను: నాకు నిజంగా ఆపద వస్తే తప్ప నా డబ్బా మోగదు. ఇప్పుడు అది ఒక్క కీచు అనబోతే చాలు, పలకల మధ్య చిందులు వేస్తాను. అలవాటై ఇంట్లో నిద్రలో కూడా కాళ్లు ఆడిస్తున్నానట. నిన్న సరళ లేపి, "నీకేమైంది, మంచిగ లేవా?" అని కంగారుగా అడిగింది. ఇన్నాళ్లకు అడిగింది!

"మంచిగనే ఉన్న," అన్నాను.