పొలి కేక చేరని ఇల్లు

పాలగుట్టపల్లిలో ఏ రాయి ఎక్కడుందో తెలుసుకోవాలంటే మొండయ్యను అడగాల్సిందే. అడగ్గానే చెబుతాడనుకుంటే మాత్రం మీ అమాయకత్వం. ముందు బీడీ ముట్టిస్తాడు. తరువాత, రాళ్ళ గొడవ నీకెందుకని మిమ్మల్నే అడుగుతాడు. ఆ తరువాత లేచి, రుమాలు తలకు చుట్టుకుని, మీరు వెంట వస్తున్నారో లేదో కూడా చూడకుండా నడక మొదలుపెడతాడు. ముప్పై ఏళ్ళు ఊరి సుంకరిగా చేసిన మనిషి మరి. సర్వేయర్లు గొలుసు పట్టుకుని వస్తే హద్దులు చూపడం, ఆఫీసు కాగితాలు మోయడం, డప్పు కొట్టి చాటింపు వేయడం, ఊరి కొలుపుల్లో ముందు నడవడం, అన్నీ ఆయన పనులే. అంతకు ముందు ఆయన తండ్రి చేశాడు. రెండేళ్ళ కింద సర్కారు ఆ కొలువునే ఎత్తేసింది. రాళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటి సంగతి తెలిసిన మనిషి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

అంతటి మొండయ్య ఒక్క రాయి దగ్గరికి మాత్రం ముప్పై రెండేళ్ళుగా పోలేదు. ఊరికి ఉత్తరాన, గుట్ట వాలులో, మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే చోట నిలబెట్టిన రాయి అది. మూడూర్ల రాయి అంటారు. సర్వేయర్లు వచ్చినప్పుడు కాలువ కట్ట మీదే నిలబడి, చెయ్యి చాపి అదిగో అనేవాడు. మోకాళ్ళ నొప్పులని చెప్పేవాడు. ముప్పై ఏళ్ళు కూడా నిండని మనిషికి మోకాళ్ళ నొప్పులేమిటని ఏ మహానుభావుడూ అడగలేదు. వాళ్ళకూ ఎండలో గుట్ట ఎక్కే బాధ తప్పింది.

నిజానికి ఆయన భయం రాయి గురించి కాదు. ఆ దిక్కు నుంచి ఒక కేక వస్తుంది. గాలి ఉత్తరం నుంచి వీచిందంటే చాలు, పట్టపగలే వస్తుంది. "పొలో... పొలి" అని. ఎవరిదో గొంతయితే ఇంత బాధ ఉండకపోవును. అది మొండయ్య గొంతే. బీడీలు తాగి పాడు చేసుకోక ముందటి, ఇరవై ఎనిమిదేళ్ళ వయసు గొంతు. ఆ కేక ఆయన అక్కడ ఎన్నడూ వెయ్యలేదు. వెయ్యాల్సి ఉండి వెయ్యలేదు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పెళ్ళాం బాలలక్ష్మికి కూడా చెప్పలేదు. ఆమె చచ్చిపోయేదాకా, ఈ మనిషి ఉన్నట్టుండి చెవులు మూసుకుంటాడేమిటని పరేషాన్ అయింది.

పోయిన ఎండాకాలం అమూల్య అనే టీచరమ్మ వచ్చింది. సొంతూరు కరీంనగర్. ఇక్కడి బడిలో సోషల్ చెబుతుంది. సెలవుల్లో హాయిగా ఇంట్లో పడుకోక, ఊరి చుట్టూ ఉన్న పాత రాళ్ళూ గోడలూ అన్నీ ఫోటోలు తీసి, పుస్తకంలో రాసి, నంబర్లు వేస్తానని బయలుదేరింది. మొదటి రోజు మొండయ్య బీడీ ముట్టించి ఎందుకని అడిగాడు. "తెలిసినోళ్ళు పోతే తెలియకుండనే పోతయి గద, పెద్దబాపూ" అన్నదా పిల్ల. ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. మారు మాట్లాడకుండా రుమాలు చుట్టాడు.

తొమ్మిది రోజులు తిరిగారు. నడి ఊళ్ళో బొడ్రాయి, తేనెతుట్టెలు పట్టి సగం కూలిన గడి బురుజు, పూడిపోయిన మెట్ల బావి. కుమ్మరోళ్ళ పెరట్లో బర్రెను కట్టేసే గుంజ చూసి అమూల్య ఎగిరి గంతేసింది. అది నిజాం కాలపు మైలురాయట, దాని మీద ఉర్దూ అంకె ఉందట. బర్రె గలామె మాత్రం ఫోటోలో బర్రె కూడా పడాలని పట్టుబట్టింది. ఊరి బయట చందురం పూసుకుని నిగనిగలాడే ఎర్ర అంజన్నను చూసి, ఇది అంజన్న కాదు, యుద్ధంలో చచ్చిన వీరుడి రాయి, చేతిలో కత్తి చూడు అని అమూల్య మెల్లగా చెప్పింది. మొండయ్య ఏమీ నొచ్చుకోలేదు. సిపాయి అయితే ఏందట, ఇన్నేండ్ల సంది మొక్కులైతే తీర్చుకుంట వచ్చిండు కదా అన్నాడు.

పదో రోజు ఆమె ఊరి పాత నక్షా పట్టుకొచ్చింది. అరుగు మీద పరిచి, ఉత్తరపు మూల ఉన్న గుర్తు మీద వేలు పెట్టి, ఇది చూపించనే లేదేమని అడిగింది. మొండయ్య నక్షా వైపు చూడలేదు. జేసీబీలు పెట్టి ఎప్పుడో లేపేసిండ్రని చెప్పాడు. ముప్పై ఏళ్ళ సుంకరితనంలో హద్దు రాయి గురించి ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. టీచరమ్మ సరేనని నక్షా మడిచింది. ఆమె సరే అన్న తీరు ఆయనకేమీ నచ్చలేదు.

ఆ రోజంతా కూడు సహించలేదు. ముప్పై రెండేళ్ళ కిందటి కొలుపు వచ్చి కళ్ళ ముందు కూర్చుంది.

ఆ యేడు చుట్టుపక్కల ఊళ్ళలో కక్కులూ బేదులూ పట్టి జనం పోతున్నారు. మన ఊళ్ళోకి రాకుండా పొలిమేర కట్టాలని పెద్దలు అనుకున్నారు. అంటే పొలి చల్లాలి. వేటపోతును కోసి, ఆ నెత్తురు కలిపిన అన్నం గంపకెత్తుకుని, ఊరి హద్దంతా చల్లుకుంటూ, కేక వేసుకుంటూ చుట్టి రావాలి. పొలి తిరిగే రాత్రి ఊళ్ళో దీపం వెలగకూడదు, తలుపు తెరవకూడదు. పొలికి ఎదురైన మనిషి నెత్తురు కక్కుకుని చస్తాడని నమ్మకం. కేక మన ఇల్లు దాటి ముందుకు పోయాకనే గడియ తీయాలి. తండ్రి కాలం చేసి మూడు నెలలు కాలేదు, గంప మొండయ్య నెత్తికెక్కింది.

తోడు వచ్చిన నలుగురూ కల్లు తాగి కాలువ కట్ట దగ్గర కూలబడ్డారు. మొండయ్య ఒక్కడే దివిటీ పట్టుకుని గుట్ట దిక్కు పోయాడు. చిన్న వాగులాంటి ఒర్రె దాటుతుంటే దివిటీ ఆరిపోయింది. వెనక ఎవరో నడుస్తున్నట్టు అనిపించింది. ఆయన ఆగితే అదీ ఆగింది. తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. ఇంకో రెండు ఫర్లాంగులు పోతే మూడూర్ల రాయి, దాని పక్కన మామిడితోట, తోట కావలి కాసే హనుమండ్లు ఇల్లు. అంతదూరం పోలేదు. ఒర్రెలోంచి అడ్డంగా కోసుకుని, తూర్పు హద్దుకు చేరి, అక్కడి నుంచి గొంతు చించుకుని కేకలు వేస్తూ ఊళ్ళోకి వచ్చాడు. చుట్టు పూర్తయిందని అందరూ దండం పెట్టారు.

తెల్లారి తెలిసింది. హనుమండ్లు బిడ్డ, ఆరేళ్ళ తిరుమల పోయింది. ఊరు మొత్తం మీద పోయింది ఆ ఒక్క పిల్లే. తను వదిలిన సందులోంచి అమ్మవారు వచ్చి పిల్లను ఎత్తుకుపోయిందని మొండయ్య నమ్మాడు. ఆనాటి నుంచి ఆ దిక్కు కాలు పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే అమూల్య స్కూటీ వచ్చి అరుగు ముందు ఆగింది. ముఖంలో కోపం లేదు, అదే ఆయనకు ఇంకా కష్టమైంది. రాయి ఉంది, చూసి వచ్చానని చెప్పింది. అక్కడ లస్మవ్వ అనే అవ్వ ఒక్కతే ఉందనీ, భర్త హనుమండ్లు పోయి చాలా కాలమైందనీ, తనకు మంచినీళ్ళు ఇచ్చిందనీ చెప్పింది. ఆ తరువాత కొంచెం ఆగింది.

"నీ గురించే అడిగింది, పెద్దబాపూ. మొండన్న బాగున్నడా, ఈ దిక్కు వస్తనే లేడు అన్నది."

మొండయ్య చేతిలో బీడీ వేళ్ళ దాకా కాలింది. తరువాత లేచి రుమాలు చుట్టుకున్నాడు. స్కూటీ ఎక్కమంటే ఎక్కలేదు. ఆనాడు నడవాల్సిన దారి, నడిచే పోతానన్నాడు. ఆనాడు అనే మాట అర్థం కాకపోయినా, ఆ పిల్ల బండి అక్కడే ఆపి వెంట నడిచింది.

ఒర్రె దగ్గర ఆయన కాళ్ళు ఆగిపోయాయి. ఎండ మండిపోతోంది. వెనక అడుగుల చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే అమూల్యే. సిగ్గేసింది. ఆనాడు ఇలాగే తిరిగి చూసి ఉంటే ఏం కనబడేదో, బహుశా ఏ నక్కో కుక్కో, అనుకున్నాడు. అనుకుంటే మరీ ఏడుపొచ్చింది.

లస్మవ్వ ఇంటి ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. జుట్టు ముగ్గుబుట్టయింది. రా మొండన్నా, కూసో అని గోనెసంచి జరిపింది, నిన్న మొన్ననే వచ్చి పోయిన మనిషితో అన్నట్టు. ఆయన కూర్చోలేదు. నిలబడే, నేల చూపులు చూస్తూ, అంతా చెప్పేశాడు. దివిటీ ఆరిపోవడం, అడ్డంగా కోసుకుపోవడం, ఊరిని మోసం చేయడం. అమ్మవారు నీ బిడ్డను తీసుకుపోవడానికి సందు వదిలింది నేనేనని చెప్పాడు. అమూల్య పుస్తకం మూసేసింది.

లస్మవ్వ చేతిలో ఉన్న గింజను పక్కకు పెట్టింది. ముఖంలో ఏ మార్పూ లేదు.

"నీ కేక రాలేదని నాకు ఎరికే మొండన్నా. అమ్మవారు ఏం జెయ్యలే. మధ్యల ఆ తల్లినెందుకు అంటవు."

ఆయన తలెత్తాడు.

"బిడ్డెకు పొద్దుగూకంగ కక్కులు పట్టినయి. సుల్తానాబాద్ దవఖానకు పోదామని మా ఆయన సైకిల్ తీసిండు. నేనే అడ్డం నిలవడ్డ. పొలి ఎదురైతే ముగ్గురం పోతం, మొండన్న కేక దాటిపోనీ, గప్పుడు తలుపు తీద్దామన్న. దీపం ఆర్పుకొని, బిడ్డెను ఒళ్ళె పెట్టుకొని కూసున్న. జర సేపట్ల వస్తడు, జర సేపట్ల వస్తడు అనుకుంట కూసున్న. తెల్లారింది."

ముప్పై రెండేళ్ళు మొండయ్య అమ్మవారిని తలుచుకుని భయపడ్డాడు. ఆ తలుపు వెనక ఒక తల్లి తన గొంతు కోసమే చెవులు రిక్కించుకుని కూర్చుందని ఒక్కనాడూ తట్టలేదు. దేవత చంపిందంటే ఎంతో కొంత ఓర్చుకోగలిగాడు, ఇది ఓర్చుకునేలా లేదు. అక్కడే మట్టిలో కూలబడ్డాడు.

లస్మవ్వ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. ఇంట్లోకి పోయి తలుపు మూసింది. లోపల గడియ పడింది. కోపం వచ్చి పోయిందేమోనని అమూల్య భయపడింది, ఆయన భుజం తట్టి పోదామా అన్నట్టు చూసింది. లోపల నుంచి గొంతు వినిపించింది.

"మొండన్నా. ఒర్లు."

ఆనాటి కేక ఇప్పుడు వెయ్యమంటోందని అర్థం కావడానికి ఆయనకు కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక లేచాడు. మూడూర్ల రాయి దాకా నడిచి, దాని చుట్టూ తిరిగి, అక్కడి నుంచి ఇంటి వైపు వస్తూ నోరు తెరిచాడు. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి వచ్చింది. "పొలో... పొలి." ముసలి గొంతు, బీడీల గొంతు, మధ్యలో విరిగింది. అయినా ఆపలేదు. ఇంటి ముందు నుంచి నడిచి, ఇల్లు దాటి, తోట చివరి దాకా కేక వేసుకుంటూ పోయాడు. తోటలో పిట్టలు లేచిపోయాయి.

వెనక గడియ తీసిన చప్పుడైంది.

లస్మవ్వ బయటికి వచ్చింది. రెండు చేతులూ రొమ్ముకు దగ్గరగా, పసిదాన్ని ఎత్తుకున్నట్టు పట్టుకుంది. మొండయ్యను చూడలేదు, అమూల్యను చూడలేదు. సుల్తానాబాద్ తొవ్వ దిక్కు, ఆ వయసులో అంత వేగం ఎక్కడిదో, గబగబా నడిచింది. మూడూర్ల రాయి దగ్గర ఆగింది. చేతులు అలాగే ఉన్నాయి.

"తెల్లారినంక గీడిదాకనే వచ్చినం" అన్నది. "గీడనే పోయింది."

అమూల్య ఆమెను ఇంటికి నడిపించుకుపోయింది. పుస్తకంలో ఆ రాయి నంబరు పన్నెండు. ఎదురుగా ఏమీ రాయలేదు.

మొండయ్య ఇప్పుడు వారానికోసారి అటు పోతాడు. లస్మవ్వకు ఉప్పో, మాత్రలో పట్టుకుపోతాడు. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోరు. గాలి ఉత్తరం నుంచి వీచినా ఇదివరకటిలా కేక రావడం లేదు. అరుగు మీద కూర్చుని చెవులు మూసుకున్నా, తెరిచినా, మూసిన తలుపు వెనక ఎవరో గడియ మీద చెయ్యి వేసి, ఇంకా తీయకుండా, ఆగి ఉన్న చప్పుడు వస్తుంది.