ఎల్డా నడిచిన నేల

"ఆ రాయి పెడితే ఈ నేల కూలిపోతుంది సియోరా ఎల్డా," అన్నాను, ఛాతీకి కట్టుకున్న నా పదినెలల పాప నీవెస్ తలకు చెయ్యి అడ్డం పెట్టుకుంటూ.

ఎల్డా బల్లారిన్ తుడుపుగుడ్డ పిండుతూనే ఉంది. "నిన్న ఇల్లే కూలుతుందన్నావు. ఇవాళ నేలేగా, నయమే."

వెనిస్‌లో, కాలువ ఒడ్డునున్న ఆ పాత భవంతికి ఎల్డా ముప్పై ఎనిమిదేళ్లుగా కాపలా. పందొమ్మిదో ఏట తెరలు ఉతకడానికి వచ్చి ఉండిపోయింది. రెండేళ్లకోసారి దేశదేశాల కళాకారులు వచ్చి అక్కడ ప్రదర్శనలు పెడతారు. వాళ్లు వెళ్లిపోయినా ఆమె నోట గదులకు వాళ్ల పేర్లే: జపానాయన గది, చిలీ అమ్మాయి గది.

ఈసారి లిథువేనియా శిల్పి వీటెనిస్ తెచ్చిన రెండు టన్నుల నల్లరాయి ఇంకా కాలువలో పడవమీదే ఉంది. లెక్కలు చూసే ఇంజనీరుని నేను. నేను సంతకం పెట్టకపోతే రాయి వెనక్కి పోతుంది, ప్రదర్శన ఉండదు. ఆ ఏడంతా ఎల్డా మూసిన కిటికీల మధ్య ఒక్కతే ఉండాలి.

"మనిషి నడిచినా ఊగుతోందని పరికరం చెబుతోంది," అన్నాను.

"ఊగదా మరి? నీళ్లమీది ఇల్లు. గట్టి నేలమీద చదువుకొచ్చి మాకు చెబుతావా? చెప్పులు విప్పు."

విప్పాను. హాలు మధ్యలో నేల అరికాలికి సన్నగా అదిరింది. ఆమె నన్ను కాలువవైపు మూలకు నడిపించింది. అక్కడ అదురే లేదు.

"కింద ఉప్పుకొట్టు గోడ. నేను కుర్చీలు దాచేది అక్కడే."

నా పటంలో ఆ గోడ లేదు. కిందికి దిగి చూశాను, మూరెడు మందం ఇటుక. పునాది కూడా పరీక్షించి మళ్లీ లెక్క కట్టాను. మూలలోనైతే రాయి నిలుస్తుంది.

"కాదు, హాలు మధ్యలో దీపాలగుత్తి కిందే ఉండాలి," అన్నాడు వీటెనిస్.

"ఎందుకు నాయనా, అదేమన్నా పెళ్లికూతురా?" అంది ఎల్డా. అంతలో కాలువ మీది ఎండ ఎగిరొచ్చి ఆ మూల గోడమీద అలలాడింది. అతను అది చూసి సరేనని తల ఊపాడు. నేను సంతకం పెట్టాను.

ప్రారంభం రోజు జనం నిండారు. నేల అదిరింది. నేను నీవెస్‌ని హత్తుకుని గుమ్మంవైపు కదిలాను. ఎల్డా నా చెప్పులకేసి వేలు చూపించింది. విప్పాను. ఎప్పటి అదురే, అంతకు మించి లేదు.

ఇప్పుడు నీవెస్ గోడ పట్టుకుని నడుస్తోంది. ఒళ్లు కాస్త వెచ్చబడితే ఫోన్లో రోగాలు వెతికే ముందు దాని నుదుటిమీద చెయ్యి ఆనిస్తాను. ఎల్డా ఆ రోజు చెప్పింది ఇదే: "ముందు తాకి చూడు అమ్మాయ్. భయపడాలనుంటే ఆ తర్వాత భయపడు, ఎవరొద్దన్నారు."