ఒంటి తుమ్ము వైద్యం

మా కుటుంబంలో తొలి పట్టభద్రుణ్ణి నేనే కావడం చేత, పాలమూరు నుంచి మా మిరప కల్లంలో పనికి వచ్చిన కూలీ అక్కను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళే బాధ్యత నాకే అప్పగించారు. కంప ముల్లు గుచ్చుకొని ఆమె చెయ్యి బూరెలా పొంగింది. అది మానితేగాని ఆమెకు కూలి లేదు.

"ఈ ఊరి రేషన్ కార్డు ఉందా?" అన్నాడు కాంపౌండరు.

"మాది పాలమూరు, సారూ."

"అయితే అక్కడే చూపించుకోవమ్మా."

"ముల్లు మీ ఊరిదే గద సారూ!"

నేను సిద్ధం చేసుకున్న ఉపన్యాసంలో ఇంత బలమైన వాదన లేదు. అయినా ఆయన తల అడ్డంగా ఊపాడు. మేము లేచాం. ఆమె కొంగులోని మిరప ఘాటుకు ఆయన గట్టిగా తుమ్మాడు.

"ఒంటి తుమ్ము! బయలుదేరకూడదు, కూర్చోండి" అన్నాడు కంగారుగా.

కాసేపాగి మళ్ళీ లేచాం. ఈసారి ఆమె కొంగు కాస్త దులిపింది. ఆయన మళ్ళీ ఒక్కటే తుమ్మాడు. మళ్ళీ కూర్చున్నాం.

వరుసలో వెనకనున్న ముసలాయన అరిచాడు: "ఒరేయ్ నాయనా, ఆవిడకి మందిచ్చి పంపరా! నీ తుమ్ములతో మేమంతా ఇక్కడే కాపురం పెట్టాలేమో!"

కాంపౌండరు ముక్కు తుడుచుకుని, ముల్లు తీసి, శ్రద్ధగా కట్టు కట్టాడు.

గుమ్మం దగ్గర ఆమె వెనుదిరిగి అంది: "జర ఆపుకో సారూ, పోతున్నం."