దొన్ను వేలిముద్ర కోసం మూడు గంటలు

1954 చైత్రమాసం. అరకు లోయలో ఒక చిన్న గవర్నమెంటు డిస్పెన్సరీలో నేను మిడ్‌వైఫ్‌ని. మిడ్‌వైఫ్ అంటే పురుళ్లు పోయడానికి ట్రైనింగయిన మనిషి. నర్సు కన్నా ఒక మెట్టు కింద, ఊరి మంత్రసాని కన్నా ఒక మెట్టు పైన అనేవారు మావాళ్లు. ఆ పై మెట్టు సంగతి ఎంతవరకు నిజమో ఈ కేసు చదివాక మీరే చెప్పండి.

డిస్పెన్సరీ అంటే రెండు గదుల పెంకుటిల్లు. ఒక డాక్టరు గారు, ఒక కాంపౌండరు గారు, నేను. ఎండలు ముదిరితే డాక్టరు గారు సెలవు పెట్టి కొండ దిగిపోయేవారు. అప్పుడు కాంపౌండరు గారే డాక్టరు, నేనే తక్కిన స్టాఫంతా.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. కాపురానికి వెళ్లిన మూడో ఏట మా ఆయన ఇంకొకావిడను తెచ్చుకున్నాడు. పుట్టింటికి వచ్చేస్తే అన్నయ్య నన్ను విశాఖపట్నంలో ట్రైనింగులో చేర్పించాడు. ఆ మేలు మరిచిపోయేది కాదు. అయితే ట్రైనింగు బాండు మీద సంతకం అన్నయ్యది, ఉద్యోగం దరఖాస్తు మీద సంతకం ఆయనది. వారం సంతకు వెళ్లాలన్నా కాంపౌండరు గారి భార్య తోడుంటేనే వెళ్లమని ఆయన ఆజ్ఞ. నేను నోరెత్తకుండా అలాగే వెళ్లేదాన్ని. రూల్సంటే నాకు అప్పట్లో దేవుడంత భక్తి.

చైత్రంలో అక్కడ ఇటుకల పండుగ జరుగుతుంది. మగవాళ్లంతా విల్లంబులు పట్టుకుని రోజుల తరబడి అడవిలోకి వేటకు పోతారు. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడికి ఆడవాళ్లు పేడనీళ్లతో స్వాగతం చెబుతారు. ఆ నాలుగు రోజులూ రోడ్డు ఆడవాళ్లదే. దారికి అడ్డంగా వెదురు గెడ కట్టి, పాటలు పాడుతూ, వచ్చే పోయే బండినల్లా ఆపి పండగ కానుక పుచ్చుకుని గానీ వదలరు. తహసీల్దారు జీపయినా సరే ఆగాల్సిందే.

ఆ పండగలో ఒకరోజు పొద్దున్నే ఇద్దరాడవాళ్లు డిస్పెన్సరీకి పరుగున వచ్చారు. వాళ్ల ఊళ్లో బుద్రి అనే మనిషికి ముందురోజు నుంచి నొప్పులు వస్తున్నాయట. డాక్టరు గారు అప్పటికే సెలవు మీద కొండ దిగిపోయారు. సంచి తగిలించుకుని మూడు మైళ్లు కొండ ఎక్కాను.

గుమ్మంలోనే గురుబారి ఎదురొచ్చింది. ఆ ఊళ్లో పురుళ్లన్నీ పోసిన ముసలమ్మ ఆవిడ. ఆ కొండల్లో 'మీరు' అనే మాటకు చోటు లేదు. కలెక్టరయినా నువ్వే, దేవుడయినా నువ్వే. నర్సు కన్నా కింది మెట్టునైనా వాళ్ల నోట నేను నరసమ్మనే.

“నరసమ్మా, బిడ్డ అడ్డం తిరిగిపోనాది. సెయ్యి ముందొచ్చీసింది. నా వల్ల కాదు. నువ్వు సూడు” అంది.

నేను చేతులు కడుక్కుని, పరీక్ష చేసి, అదే మాట ఇంగ్లీషులో అనుకున్నాను: ట్రాన్స్‌వర్స్ లై, హ్యాండ్ ప్రొలాప్స్. బిడ్డ కడుపులో నిలువుగా కాక అడ్డంగా ఉండటం, తల బదులు చెయ్యి బయటికి రావడం. ఇంట్లో అయ్యే కాన్పు కాదిది. పెద్దాసుపత్రిలో డాక్టరు చెయ్యి పడాలి, అవసరమైతే ఆపరేషన్ చెయ్యాలి. గరాటులాంటి గొట్టం పొట్టమీద ఆనించి విన్నాను. బిడ్డ గుండె గట్టిగానే కొట్టుకుంటోంది. బుద్రి పంటిబిగువున పడుకుని నా ముఖమే చూస్తోంది. పాతికేళ్లు కూడా ఉండవు. ఇది మూడో కాన్పు. మొదటి ఇద్దరూ దక్కలేదు.

“కొండ దిగువ ఆసుపత్రికి తీసుకుపోవాలి. దీని మొగుడెక్కడ?” అని అడిగాను.

“దొన్నా? ఏటకెల్లిపోనాడు. ఊల్లో మొగోలంతా ఏటకే ఎల్లిపోనారు.”

“మొగుడి వేలిముద్ర కావాలి. ఆపరేషనుకి అతను ఒప్పుకున్నట్టు కాగితం మీద ఉండాలి. లేకపోతే పంపకూడదు.”

ఆ కాగితాన్నే కన్సెంట్ ఫారం అంటారు. పెళ్లయిన ఆడదయితే భర్త, కాకపోతే తండ్రి. మా డిస్పెన్సరీలో అదీ పద్ధతి. నా సంచిలో ఎప్పుడూ నాలుగు ఫారాలు, ఒక సిరా దిండు ఉండేవి.

గురుబారి నన్ను ఎగాదిగా చూసింది. “కనేది ఇది. ఆడు ఒప్పుకోడమేటి?”

“రూలు, పెద్దమ్మా.”

నడుము వంగి వేటకు వెళ్లలేని ఒక ముసలాయన్ని గురుబారి పిలిచి, దొన్నును వెతికి తెమ్మని అడవిలోకి పంపించింది. నేను ఫారం నింపి, దొన్ను వేలు పడాల్సిన చోట ఇంటూ గుర్తు పెట్టి, వసారాలో కూర్చున్నాను.

మూడు గంటలు కూర్చున్నాను. మధ్యమధ్య లోపలికి వెళ్లి గొట్టం పెట్టి వినడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. మొదటి గంట గడిచేసరికి బిడ్డ గుండె చప్పుడు తేడాగా వినిపించింది. రెండో గంటకు మందగించింది. మూడో గంటలో దాన్ని వెతుక్కోవాల్సి వచ్చింది. అయినా లేవలేదు. రేపు ఏదన్నా అయితే నా మెడకు చుట్టుకుంటుందనే లెక్క తప్ప నా బుర్రలో మరో ఆలోచన లేదు. ఆ లెక్క తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చివరికి గురుబారే లేచింది. రోడ్డు దగ్గర పాడుకుంటున్న ఆడవాళ్లకు కబురు పెట్టింది. దారికి అడ్డం కట్టిన గెడ విప్పుకుని పట్టుకు రమ్మంది.

ఆ కబురు ఎంత పెద్దదో నాకు అప్పుడు తెలియలేదు. ఆ కొండల్లో ఆడవాళ్లు ఎంత బరువయినా నెత్తిమీదే మోస్తారు. కావిడి బద్ద, డోలీ గెడ మగవాళ్ల భుజం మీదికే ఎక్కాలి. ఆడది గెడ భుజానికెత్తితే పంటలు కాచే తల్లి జాకరమ్మకు కోపం వస్తుందని, ఆ ఏడు చేలో గింజ పాలుపోసుకోదని వాళ్ల నమ్మకం. తాతల నాటి కట్టు. నా రూలుకు పదేళ్ల వయసుంటే వాళ్ల దానికి ఎన్ని తరాలో.

గెడ వచ్చింది. ఒకావిడ వెనక్కి తగ్గింది. “పెద్దమ్మా, పంట పోతే?”

“పంట పోతే మల్లీ ఏస్తాం. బుద్రిని మల్లీ ఏయగలమేటే? పట్టు బేగి” అని తొందరపెట్టింది గురుబారి.

దుప్పటిని గెడకు ఉయ్యాలలా కట్టి బుద్రిని అందులో పడుకోబెట్టారు. గురుబారి నా దగ్గరికి వచ్చి, “ఏది నీ సిరా? ఇలాతే” అని బొటనవేలు ముంచి, నేను ఇంటూ పెట్టిన చోట గట్టిగా ఒత్తింది. ఆ వెనకే మిగిలినవాళ్లు. మొత్తం పదకొండు ముద్రలు. ఫారంలో చోటు చాలక వెనకవైపుకు కూడా పోయాయి.

రోడ్డు దాకా రెండు మైళ్ల దిగుడు. అలవాటు లేని భుజాలు. అడుగడుక్కీ మార్చుకుంటూ, ఒకరినొకరు అదిలించుకుంటూ నడిచారు. దారి మధ్య వాగు దాటాక ఒకావిడ కాలు జారి మోకాలు చెక్కుకుపోయింది. సంచి ఆవిడకిచ్చి నేను గెడ కింద భుజం పెట్టాను. ఎవరి అనుమతీ లేకుండా నా జీవితంలో నేను చేసిన మొదటి పని అదే.

రోడ్డెక్కాక చాలాసేపటికి ఒక లారీ వచ్చింది. చింతపండు బస్తాలతో మైదానానికి పోతోంది. అడ్డం పెట్టడానికి గెడ లేదు కదా, థింసా నాట్యం ఆడేటప్పుడు పట్టుకున్నట్టు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసి రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. డ్రైవరు నవ్వుతూ జేబులో చెయ్యి పెట్టాడు.

“ఇదిగో పండగ కానుక. తోవ వదలండర్రా.”

“డబ్బులొద్దు నాయనా. నీ లారీ ఇయ్యి” అంది గురుబారి.

అతని నవ్వు ఆగిపోయింది. దుప్పట్లో మనిషిని చూశాడు. దిగి, తనే బస్తాలు సర్ది చోటు చేశాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో బండిని ఎంత మెల్లగా దింపాడంటే, ఈ రోజుకీ ఆ మనిషికి మనసులో దండం పెట్టుకుంటాను.

ఆసుపత్రిలో లేడీ డాక్టరు పదకొండు ముద్రల ఫారం అటూ ఇటూ తిప్పి చూసింది. బుద్రిని లోపలికి తీసుకుపోయింది. బుద్రి బతికింది. బిడ్డ బతకలేదు. ఆడపిల్ల. చేతులు తుడుచుకుంటూ ఆవిడ, “రెండు మూడు గంటలు ముందు తెచ్చి ఉంటే దక్కేదేమో, చెప్పలేం” అంది. ఆవిడకు నా మూడు గంటల సంగతి తెలియదు.

తర్వాత రెండు పంచాయితీలు జరిగాయి. మొదటిది వాళ్ల ఊళ్లో. మగవాళ్లు వేట నుంచి వచ్చాక ఊరి నాయుడు, అంటే ఊరి పెద్ద, కట్టు తప్పినవాళ్లెవరో లేచి నిలబడమన్నాడు. నేనూ వెళ్లాను. మోసినవాళ్లు పదకొండుమంది. లేచినవాళ్లు ఊళ్లో ఉన్న ఆడవాళ్లంతా. ఆ రోజు గడప దాటని బాలింతలు కూడా లేచారు. ఎవరూ ముందుగా చెప్పుకుని వచ్చినట్టు నాకు తోచలేదు. నేనూ లేచాను. అంతమందిని వెలివేస్తే నాట్లెవరు వేస్తారో నాయుడికి అర్థమైంది. జాకరమ్మకు ఒక కోడిని కోసి సరిపెట్టుకున్నారు. దొన్ను ఒక మూల కూర్చుని ఏడుస్తున్నాడు. “నానుంటే వద్దంటానేటి, నరసమ్మా?” అన్నాడు. అది నిజమే. అతను చెడ్డవాడు కాదు. వద్దనని మనిషి కోసం మూడు గంటలు కాపుకాసింది నేను.

రెండోది ఆఫీసులో. భర్త అనుమతి లేకుండా కేసు ఎందుకు పంపావో సంజాయిషీ రాయమని, సెలవు నుంచి వచ్చాక డాక్టరు గారు కాగితం ఇచ్చారు. తప్పయిపోయింది, క్షమించండి అని రాసెయ్యమని కాంపౌండరు గారి సలహా. అన్నయ్యకు ఉత్తరం రాసి అడుగుదామా అని నాకూ అనిపించింది. అడగలేదు. “పంపినందుకు సంజాయిషీ లేదు. ఆలస్యంగా పంపినందుకు ఏ శిక్షయినా వేయండి” అని రాసిచ్చాను. డాక్టరు గారు చదివి, నా ముఖం చూసి, కాగితం ఫైల్లో పెట్టేశారు.

పాఠం ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. వానలు పడ్డాక బుద్రి డిస్పెన్సరీకి వచ్చింది. మనిషి కోలుకుంది. అరుగు మీద కూర్చుని కాసేపు ఊరి కబుర్లు చెప్పింది. తర్వాత ఉన్నట్టుండి అడిగింది.

“నరసమ్మా, ఆ రోజు దొన్ను కోసం కూకున్నావు. మా పెద్దమ్మతోటి మాటాడినావు. నానక్కడే ఉన్నాను కదేటి. నన్నొక్కపాలి అడగనేదేం?”

కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది.

“అడిగితే ఏం చెప్పేదానివి?” అన్నాను.

“బేగి పట్టుకెల్లు అందును.”

నాకు ఏడుపు ఆగలేదు. బిడ్డ కోసం ఏడ్చాను. నా కోసం కూడా ఏడ్చాను. మా ఆయన రెండో పెళ్లి మాట వచ్చినప్పుడు మా సావిట్లో పెద్దలు మూడు రోజులు కూర్చున్నారు. నేను వంటింట్లోంచి వాళ్లకు కాఫీలు అందించాను. నువ్వేమంటావని నన్నెవరూ అడగలేదు. అడగలేదని నాకూ తోచలేదు. ఆ అలవాటునే చదువులా నేర్చుకుని, ఫారాలతో సహా కొండ ఎక్కించింది నేనే. బుద్రి నా వీపు నిమురుతూ కూర్చుంది.

ఆ నెలలోనే అన్నయ్య నా తరఫున విజయనగరానికి ట్రాన్స్‌ఫర్ పెట్టించాడని తెలిసింది. నాకు అక్కర్లేదని నేనే రాసి, నేనే సంతకం చేసి పంపాను. ఇంకో పదకొండేళ్లు అక్కడే పనిచేశాను. ఆ తర్వాత కూడా ఏ ఊళ్లో ఏ పురుడుకు వెళ్లినా, చుట్టూ ఎంతమంది పెద్దలున్నా, మొదటి మాట మంచం మీది మనిషితోనే మాట్లాడేదాన్ని. “ఏం చెయ్యమంటావమ్మా?” అని అడిగేదాన్ని. చాలామంది జవాబు చెప్పకుండా ముందు నా ముఖం కేసి వింతగా చూసేవారు. వాళ్లనెవరూ అంతకుముందు ఏదీ అడిగి ఉండరు.