మిగిలిన పద్దెనిమిది

కృష్ణ నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి. ఆ నీళ్ళ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. మొన్న వన్‌టౌన్‌లో ఒక పుస్తకాల కొట్టాయన తడిగుడ్డతో పలక తుడిచి ఎవరికో చూపిస్తుంటే, ఆ తడి రాతి వాసనకే నా అరచేతులకి చెమట పట్టింది.

మా లెక్కల మాస్టారు వేసవి ట్యూషను డాబా మీద, తాటాకు పందిరి కింద చెప్పేవారు. కాకులు కూడా గొడుగు అడిగేంత ఎండ, వట్టివేళ్ళు వేసిన కుండ నీళ్ళు, వీధిలో ముంజెలమ్మే ముసలమ్మ కేక, మధ్యమధ్య మాస్టారి పొడుం తుమ్ము. ఆఖరి రోజున ఆయన బోర్డు మీద ఒక పెద్ద సంఖ్య వేసి, దాన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యను పట్టుకోమనేవారు. దానికి మేం పెట్టుకున్న పేరు విరగ్గొట్టడం. విరిగితే వెంటనే సెలవు. లేకపోతే అది ప్రధాన సంఖ్యని తేలేదాకా ఎవరూ మెట్లు దిగకూడదు. ఒకరి భాగహారం పక్కవాళ్ళు సరిచూసి టిక్కు పెట్టాలి. తప్పు దొర్లితే శిక్ష చేసినవాడికి కాదు, టిక్కు పెట్టినవాళ్ళకి.

నేను చెప్పే ఏడాది 99991 వేశారు. అయిదంకెల ప్రధాన సంఖ్యల్లో అదే అన్నిటికన్నా పెద్దదని మాకేం తెలుసు? రెండు నుంచి మూడు వందల పదమూడు దాకా అరవై అయిదు ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలన్నారు. భాగించేవి జంటగా వస్తాయి. జంటలో రెండూ అంతకన్నా పెద్ద ప్రధాన సంఖ్యలైతే, వాటిని గుణించినప్పుడు ఈ సంఖ్యనే దాటిపోతాం.

నాలుగింటికి మైలవరం బస్సు. అది తప్పితే అమ్మమ్మ వాళ్ళ మామిడితోట ఆ సెలవులకి లేనట్టే. అమ్మ సంచీతో కింద వీధిలో నిలబడి ఉంది. నా వంతు 257. భాగిస్తే 389 వచ్చి, పద్దెనిమిది మిగిలింది. ఉమ్మితో దాన్ని తుడిచి సున్నా చుట్టాను.

పక్కనున్న మేరీ పలక లాక్కుంది. “పద్దెనిమిది మిగలాలి కదరా.”

“బస్సెళ్ళిపోద్దే. టిక్కు పెట్టవే, నీకు పుణ్యముంటది.”

నా మొహం చూసి, టిక్కు పెట్టింది. విరిగిందండీ అని నేను అరిచాను. అప్పటికే సగం మంది లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు.

మాస్టారు బోర్డు దగ్గరికి వెళ్ళి 257, దాని పక్కన 389 వేసి, సుద్దముక్క ఆపేశారు. “ఏడు తొమ్ముళ్ళు?”

“అరవై మూడండీ,” అన్నారంతా.

“మరి చివర మూడు రావాలిగా. ఈ ఒకటెక్కణ్ణించొచ్చిందిరా?”

లేచినవాళ్ళంతా మళ్ళీ కూర్చున్నాక మాస్టారు అడిగారు, “ఎవరు టిక్కు పెట్టింది?”

నేను లేచి, తప్పు నాదేనండీ, మేరీది కాదు అన్నాను. మిగతా భాగహారాలన్నీ నాతోనే చేయించారు. బస్సు పోయింది.

ఇప్పుడా డాబా లేదు, పందిరి లేదు, మాస్టారు లేరు. అక్కడ అయిదంతస్తుల కోచింగు హాస్టలు లేచింది. మేరీ వాళ్ళు ఏ ఊరు వెళ్ళారో తెలియదు. 99991 మాత్రం ఇవాళ్టికీ ఎవరికీ విరగలేదు.

ఒట్టు వేశాను కనక చెప్పేస్తున్నాను, ఒక్క ముక్క కల్పించాను. లేచింది నేను కాదు. “నేనే సరిగ్గా చూళ్ళేదండీ,” అని మేరీ లేచింది. నేను తలెత్తలేదు. నన్ను వెళ్ళమన్నారు, ఆమెను ఉండమన్నారు. బస్సులో నాకు కిటికీ పక్క సీటు దొరికింది.